స్టీరియోకి సబ్‌వూఫర్ కలపడం: వైరు దగ్గర్నుంచి ఆఖరి సర్దుబాటు దాకా

రెండు స్పీకర్లు, ఒక యాంప్లిఫయర్ ఉన్న మామూలు స్టీరియోకి సబ్‌వూఫర్ (బాగా కింది బేస్ కోసమే ఉండే స్పీకర్ పెట్టె, ముద్దుగా సబ్) తగిలించడం పది నిమిషాల పని. అది పాటలో కలిసిపోయేలా చేయడానికి మాత్రం ఒక పూట పడుతుంది. చాలామంది ఆ పది నిమిషాల దగ్గరే ఆగిపోతారు. అందుకే సబ్ అనగానే మూల నుంచి "ధబ్ ధబ్" మని విడిగా మోగే పెట్టె గుర్తొస్తుంది. సరిగ్గా కుదిరిన సబ్ అలా విడిగా వినపడదు. పాట నడుస్తుండగా దాన్ని ఆపేస్తే "అరె, ఏదో తగ్గిందే" అనిపిస్తుంది, అంతే. కింద చెప్పేదంతా అక్కడిదాకా చేరడానికే.

ముందు, సబ్ ఏం పని చేస్తుందో

శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో అది దాని ఫ్రీక్వెన్సీ, దాన్ని హెర్ట్జ్‌లో కొలుస్తారు. మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. పియానోలో అన్నిటికన్నా కింది స్వరం 27.5 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలావరకు 55, 60 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. అది తయారీలో లోపం కాదు. శబ్దం అంతే గట్టిగా ఉంటూ ఫ్రీక్వెన్సీ సగానికి దిగాలంటే కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు లాంటి భాగం) నాలుగింతలు కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలే కోన్, 40 దగ్గర నాలుగు, 20 దగ్గర పదహారు మిల్లీమీటర్లు ఊగాలి. బేస్ వాయించే ఐదంగుళాల వూఫర్‌కి అది అయ్యే పని కాదు.

చిన్న స్పీకర్లలో కూడా బేస్ గిటార్ వినిపిస్తోంది కదా అని మీకు సందేహం రావచ్చు. వినిపించేది చాలావరకు ఆ స్వరం తాలూకు పై హార్మోనిక్స్, అంటే దానితో పాటు పుట్టే రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీలు. వాటిని పట్టుకుని అసలు స్వరాన్ని మెదడు పూరించుకుంటుంది. స్వరం ఏదో తెలుస్తుంది, బరువు మాత్రం తెలియదు. సబ్ ఇచ్చేది ఆ బరువు.

ఇంకో సంగతి. సుమారు 80 హెర్ట్జ్ కంటే కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మన చెవి సరిగా పట్టుకోలేదు. అందుకే ఒక్క సబ్ సరిపోతుంది, దాన్ని స్పీకర్ల మధ్యనే పెట్టాలన్న నియమం కూడా లేదు. కానీ సబ్‌ని 120 హెర్ట్జ్ దాకా వాయించనిస్తే ఈ సౌకర్యం పోతుంది. మగ గొంతు అడుగుభాగం సబ్ ఉన్న మూల నుంచి వస్తున్నట్టు తెలిసిపోతుంది.

కొనేముందు చూడాల్సినవి

లోపలే యాంప్లిఫయర్ ఉన్న సబ్‌ని యాక్టివ్ సబ్ అంటారు. దానికి కరెంటు ప్లగ్ ఉంటుంది. ఇంటి స్టీరియోకి అదే తీసుకోండి. ప్యాసివ్ సబ్‌కి వేరే యాంప్, వేరే క్రాసోవర్ (కింది బేస్‌ని మిగతా శబ్దం నుంచి వేరు చేసేది) కావాలి. మొదటిసారి చేసేవాళ్లకి ఆ తలనొప్పి వద్దు.

పెట్టెలు రెండు రకాలు. పూర్తిగా మూసి ఉండేది సీల్డ్, గాలి గొట్టం ఉండేది పోర్టెడ్. పోర్టెడ్ పెట్టె అదే సైజులో ఎక్కువ శబ్దం ఇస్తుంది, కానీ ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దాటి కిందికి దిగాక ఒక్కసారిగా పడిపోతుంది: ఒక్కో ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, సుమారు 24 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనం కొలత). సీల్డ్ పెట్టెలో ఈ తగ్గుదల సుమారు 12 డెసిబెల్సే కాబట్టి మెల్లగా దిగుతుంది, గది ఇచ్చే సహజమైన బేస్‌తో బాగా కలుస్తుంది. పాటలే ఎక్కువగా వినేవాళ్లకి నేను సీల్డ్ చెబుతాను. సినిమాల్లో పేలుళ్లకి ఇల్లు అదరాలనుకుంటే పోర్టెడ్.

సైజు విషయంలో నా మాట ఒకటే: పెద్ద సబ్‌ని తక్కువలో వాడటం మేలు, చిన్న సబ్‌ని చివరిదాకా తిప్పి ఆయాసపడేలా చేయడం కన్నా. చిన్న గదికి 8 లేదా 10 అంగుళాలు, హాలు లాంటి పెద్ద గదికి 12 అంగుళాలు. వాట్ల అంకెకి మరీ పడిపోకండి. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే.

వాట్ల కన్నా సబ్ వెనక భాగం ముఖ్యం. అక్కడ వాల్యూమ్ నాబ్, క్రాసోవర్ నాబ్, ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ కదలికను స్పీకర్లతో జత కలిపేది) ఉండాలి. క్రాసోవర్ కనీసం 50 హెర్ట్జ్ దాకా కిందికి దిగాలి. స్పీకర్ వైర్లు నేరుగా ఇచ్చే హై లెవెల్ ఇన్‌పుట్ కూడా ఉంటే, రేపు యాంప్ మార్చినా ఇబ్బంది ఉండదు.

వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి

ముందు యాంప్, సబ్ రెండూ ఆపి ప్లగ్‌లు తీసేయండి. కరెంటు ఉండగా ఆర్‌సీఏ వైరు (మధ్యలో ఒక్క పిన్ ఉండే మామూలు ఆడియో వైరు) గుచ్చితే వచ్చే ఆ "ఢమ్" శబ్దం కోన్‌కి మంచిది కాదు. తర్వాత యాంప్ వెనక్కి టార్చ్ వేసి చూడండి. మీరు వెళ్లాల్సిన దారి అక్కడ ఏ సాకెట్ ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

"సబ్ అవుట్" అని ఉంటే పని తేలిక. ఒక్క ఆర్‌సీఏ వైరుతో దాన్ని సబ్‌లోని లైన్ ఇన్‌పుట్‌కి కలిపితే చాలు. "ప్రీ అవుట్" అని ఎడమ, కుడి రెండు సాకెట్లు ఉంటే రెండు వైర్లు తీసుకుని సబ్‌లోని రెండు ఇన్‌పుట్లకీ ఇవ్వండి. ఒక్క వైపే కలిపితే రెండో వైపు ఉన్న బేస్ సబ్‌కి చేరదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది: "టేప్ అవుట్" లేదా "రికార్డ్ అవుట్"కి కలిపేయడం. వాటి నుంచి సిగ్నల్ ఎప్పుడూ ఒకే స్థాయిలో వస్తుంది. మీరు వాల్యూమ్ తగ్గించినా సబ్ మాత్రం అలాగే మోగుతుంటుంది.

ఈ సాకెట్లేవీ లేని పాత యాంప్‌లకి హై లెవెల్ దారి. యాంప్ వెనక స్పీకర్ వైర్లు బిగించిన చోటే ఇంకో జత వైర్లు బిగించి సబ్‌కి తీసుకెళ్తారు. స్పీకర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. సబ్ ఆ టెర్మినల్స్ నుంచి సిగ్నల్ మాత్రమే తీసుకుంటుంది. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకి అడ్డుపడే గుణం) వేల ఓమ్స్‌లో ఉంటుంది కాబట్టి యాంప్ మీద పడే భారం లెక్కలోకి రాదు. వైరు చివర తోలు ఒలిచినప్పుడు ఒక్క రాగి పోగు కూడా పక్క టెర్మినల్‌ని తాకకుండా మెలిపెట్టి బిగించండి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు.

ఒక జాగ్రత్త. కొన్ని యాంప్‌లలో, ముఖ్యంగా క్లాస్ డి అనే రకం యాంప్‌లు చాలావాటిలో, మైనస్ టెర్మినల్ అంటే గ్రౌండ్ కాదు, దాంట్లోనూ సిగ్నల్ నడుస్తుంటుంది. అలాంటి చోట రెండు మైనస్‌లనూ ఒకటిగా కలిపినా, సబ్ గ్రౌండ్‌కి ఇచ్చినా యాంప్ కాలిపోవచ్చు. మీ యాంప్ మాన్యువల్‌లో "బ్రిడ్జ్‌డ్" లేదా "బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్" అనే మాట కనిపిస్తే, సబ్ తయారీదారు అలాంటి యాంప్‌కి ఎలా కలపమన్నారో చదివాకే వైరు పట్టుకోండి.

ఏవీ రిసీవర్ (టీవీ, సినిమాల కోసం వాడే యాంప్) ఉన్నవాళ్లు దాని సబ్ సాకెట్ నుంచి సబ్‌లోని "ఎల్‌ఎఫ్‌ఈ" అని రాసి ఉన్న ఇన్‌పుట్‌కి ఇచ్చి, మెనూలో సబ్ ఉందని చెప్పి, స్పీకర్లను "స్మాల్" అని పెట్టాలి. స్మాల్ అంటే సైజుకి సంబంధించిన మాట కాదు, కింది బేస్ వాటికి పంపకుండా సబ్‌కి మళ్లించమని. అప్పుడు సబ్ మీది క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా తిప్పేయండి. రిసీవర్ ఒకసారి కోసినదాన్ని సబ్ మళ్లీ కోయకూడదు.

ఎక్కడ పెట్టాలి: సగం పని ఇదే

మిగతా అన్నిటికంటే ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంటే అల మన గది కంటే పెద్దది. అది గోడలకి కొట్టుకుని వెనక్కొచ్చి తనతో తనే కలుస్తుంది. కొన్ని చోట్ల రెట్టింపు అవుతుంది, కొన్ని చోట్ల తుడిచిపెట్టుకుపోతుంది. గది పొడవు ఎంతో తెలిస్తే, 343ని ఆ పొడవుకి రెండింతలతో భాగించండి. ఆ గది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర మొదట పొంగుతుందో వచ్చేస్తుంది. 5 మీటర్లకి 34 హెర్ట్జ్, 4 మీటర్లకి 43, 3 మీటర్లకి 57.

మా గది పొడవు దాదాపు 4 మీటర్లు. సబ్ కొత్తలో, వైరు అందింది కదా అని దాన్ని ఒక మూలన పెట్టాను. బేస్ గిటార్ లైన్ మెట్లు దిగినట్టు ఒక్కో స్వరం నడుస్తుంటే, ఒక్క స్వరం దగ్గర మాత్రం గదంతా ఉబ్బేది, కిటికీ అద్దం బుయ్‌మనేది. దాని పక్క స్వరానికొచ్చేసరికి ఏమీ ఉండేది కాదు. సబ్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. తర్వాత లెక్క చూస్తే, ఆ ఉబ్బే స్వరం ఎఫ్, 43.65 హెర్ట్జ్. గది కొలతకి అచ్చంగా సరిపోయింది. సబ్‌లో ఏ లోపమూ లేదు. మూలన పెట్టిన సబ్ గదిలోని ఇలాంటి పొంగులన్నిటినీ ఒకేసారి రెచ్చగొడుతుంది. అక్కడి నుంచి పక్క గోడ వెంబడి ఒకటిన్నర మీటర్లు జరిపాక అదే పాటలో ప్రతి స్వరమూ పక్కదానితో సమానంగా వినిపించడం మొదలైంది.

సరైన చోటు వెతకడానికి పాత, నమ్మకమైన పద్ధతి ఒకటుంది. మీరు రోజూ కూర్చుని వినే కుర్చీ తీసేసి, సబ్‌ని అక్కడ పెట్టండి. వీలైతే చెవి ఉండే ఎత్తులో, గట్టి స్టూలు మీద. బేస్ గిటార్ స్వరాలు పైకీ కిందికీ నడిచే పాట ఒకటి మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టండి. స్పీకర్ల వైర్లు తీసేయండి, సబ్ ఒక్కటే మోగాలి. ఇప్పుడు సబ్ పెట్టడానికి వీలున్న ప్రతి చోటుకీ వెళ్లి, నేల మీద మోకాళ్ల మీద వంగి, సబ్ కోన్ ఉండే ఎత్తుకి చెవి దించి వినండి. ఒక చోట బేస్ బురదలా కలగాపులగంగా ఉంటుంది. ఒక అడుగు జరిగితే పలచబడిపోతుంది. ఇంకో రెండడుగులు పోతే ప్రతి స్వరం విడివిడిగా, సమానంగా, గట్టిగా పలుకుతుంది. ఆ చోట నేల మీద టేప్ ముక్క అంటించండి. అలాంటివి రెండు మూడు దొరుకుతాయి. వాటిలో స్పీకర్లకి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. సబ్ ఉన్న చోటూ వినే చోటూ తారుమారైనా గది ప్రభావం అదే ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది.

ఎక్కువ బేస్ వచ్చే చోటు వెతక్కండి, ఎక్కువ సమానంగా వచ్చే చోటు వెతకండి. తక్కువైన బేస్‌ని నాబ్ పెంచుతుంది. ఎగుడుదిగుడు బేస్‌ని ఏ నాబూ సరిచేయదు.

మీరు కూర్చునే చోటు కూడా ముఖ్యమే. కుర్చీ గదికి సరిగ్గా మధ్యలో ఉంటే, ఇందాక లెక్కేసిన ఆ మొదటి ఫ్రీక్వెన్సీ అక్కడ దాదాపు వినిపించదు. వెనక గోడకి ఆనుకుని ఉంటే అదే ఉప్పొంగుతుంది. కొన్నిసార్లు సబ్‌ని ముట్టుకోకుండా కుర్చీని అరమీటరు ముందుకు జరిపితేనే సమస్య తీరుతుంది.

మూడు నాబ్‌లు, ఒక వరుస

సబ్‌ని టేప్ అంటించిన చోట పెట్టి, స్పీకర్ల వైర్లు మళ్లీ బిగించండి. వాల్యూమ్ బాగా కింద, క్రాసోవర్ 60 దగ్గర, ఫేజ్ సున్నా మీద ఉంచి మొదలుపెట్టండి.

మొదట క్రాసోవర్. సబ్ ఎక్కడి దాకా వాయించి ఆగాలో ఇది చెబుతుంది. మీ స్పీకర్ల కాగితంలో "55 హెర్ట్జ్, మైనస్ 3 డెసిబెల్స్" అని, అంటే 55 దగ్గరికి వచ్చేసరికి శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుందని, రాసి ఉందనుకుందాం. యాంప్ మామూలు స్టీరియో అయి స్పీకర్లకి పూర్తి సిగ్నల్ వెళ్తుంటే, సబ్‌ని 50, 55 ప్రాంతంలో ఆపండి. ఇంకా పైకి తీసుకెళ్తే స్పీకరూ సబ్బూ ఒకే స్వరాన్ని ఇద్దరూ పాడి అక్కడ బేస్ ఉబ్బుతుంది. బేస్‌ని వేరు చేసే సౌకర్యం యాంప్‌లోనే ఉంటే కథ వేరు. అప్పుడు 80 మంచి మొదలు. స్పీకర్లు మరీ చిన్నవైతే 100 దాకా వెళ్లొచ్చు. రెండో దారిలో లాభం ఏంటంటే, కింది బేస్ బరువు దిగిపోవడంతో స్పీకర్ వూఫర్ తేలిగ్గా కదులుతుంది, గట్టిగా పెట్టినా గొంతులు నలగవు.

తర్వాత ఫేజ్. స్పీకర్ కోన్ ముందుకొస్తున్నప్పుడు సబ్ కోన్ వెనక్కి పోతుంటే రెండూ కలిసే చోట శబ్దం చచ్చిపోతుంది. క్రాసోవర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పెట్టారో ఆ టెస్ట్ టోన్‌ని తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, కుర్చీలో కూర్చుని, ఫేజ్ స్విచ్‌ని సున్నా, 180 మధ్య ఇంకొకరితో మార్పించండి. ఏది గట్టిగా వినిపిస్తే అదే సరైనది. స్విచ్ బదులు మెల్లగా తిరిగే నాబ్ ఉంటే దీన్ని ఇంకా నిక్కచ్చిగా చేయొచ్చు. యాంప్ ఆపి రెండు స్పీకర్లకీ ప్లస్, మైనస్ తాత్కాలికంగా తిరగేయండి. మళ్లీ ఆన్ చేసి, టోన్ అన్నిటికన్నా తక్కువగా వినిపించే దాకా నాబ్ తిప్పండి. ఆపేసి వైర్లు మామూలుగా పెట్టేయండి. చెవికి "ఎక్కువ ఎక్కడుంది" అన్నది పట్టుకోవడం కష్టం, "ఎక్కడ మాయమైంది" అన్నది తేలిక. అందుకే ఈ తిరగేసే పద్ధతి.

ఆఖరిది వాల్యూమ్, అందరూ ఎక్కువ పెట్టేది ఇదే. కొత్త సబ్ కొన్న ఆనందంలో అది వినపడాలని ఉంటుంది, అది సహజం. అయినా ఇలా చేయండి: మీరు రోజూ వినే వాల్యూమ్‌లో పాట పెట్టి, సబ్ నాబ్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచండి. "ఆ, సబ్ మోగుతోంది" అని తెలిసిన క్షణం ఆగి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తిప్పండి. రోజూ వినే వాల్యూమ్‌లోనే ఎందుకంటే, శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతా శబ్దం కంటే వేగంగా మాయమవుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలిచి చూపించిన సంగతి ఇది. రాత్రి తక్కువలో పెట్టి సర్దిన సబ్, పగలు పెంచగానే మీద పడిపోతుంది.

ఇప్పుడు మగ గొంతు ఒక్కటే, పక్కన ఒక గిటార్ మాత్రమే ఉన్న పాట వినండి. గొంతు ఛాతీలోంచి గుంయ్‌మంటుంటే క్రాసోవర్ ఎక్కువైంది, కాస్త తగ్గించండి. గొంతు మామూలుగా ఉండి కిక్ డ్రమ్ మాత్రం మందంగా, ఆలస్యంగా అనిపిస్తే వాల్యూమ్ తగ్గించండి లేదా ఫేజ్ మళ్లీ చూడండి. తబలాలో డగ్గా మీద అరచేయి జరిపినప్పుడు వచ్చే జారుడు శబ్దం కూడా మంచి పరీక్ష. అది పైనుంచి కిందికి తెగకుండా జారాలి. మధ్యలో ఒక చోట ఎగిరిపడినట్టుంటే గదిలో పొంగు ఇంకా మిగిలి ఉంది.

కొలిచి చూడాలనుకునేవాళ్లకి

చెవితో 80 శాతం దూరం వెళ్లొచ్చని నా నమ్మకం. మిగతాది కావాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ కొలత మైక్రోఫోన్ చాలు. ఫోన్ మైక్‌ని నమ్ముకోకండి, చాలా ఫోన్లలో కింది బేస్ సరిగా నమోదు కాదు. కొలిచాక గ్రాఫ్‌లో కొండలు, లోయలు కనిపిస్తాయి. ఈక్వలైజర్‌తో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) కొండలను తగ్గించండి. లోయలను పూడ్చే ప్రయత్నం మాత్రం వద్దు. అక్కడ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. మీరెంత పవర్ పోస్తే అంతా కొట్టేసుకుపోతుంది, సబ్ యాంప్ వేడెక్కడం తప్ప మిగిలేదేమీ ఉండదు. లోయకి మందు సబ్‌ని జరపడం, లేదా గదికి ఇంకో వైపు రెండో సబ్ పెట్టడం. రెండో సబ్ వల్ల వచ్చే అసలు లాభం గట్టిదనం కాదు, గదిలో ఎక్కువ కుర్చీలకి బేస్ సమానంగా అందడం.

గుంయ్ మని ఆగని శబ్దం వస్తుంటే

పాట లేకపోయినా సబ్ సన్నగా గుంయ్‌మంటుంటే, అందులోంచి సిగ్నల్ వైరు లాగి చూడండి. శబ్దం ఆగిపోతే అది గ్రౌండ్ లూప్: యాంపూ సబ్బూ వేర్వేరు దారుల్లో ఎర్త్ అవుతున్నాయన్నమాట. రెండిటి ప్లగ్‌లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే చాలాసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే ఆర్‌సీఏ వైరు మధ్యలో పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అంటారు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. శబ్దం పోతుంది గానీ, లోపల ఏదైనా షార్ట్ అయిన రోజు మనిషిని కాపాడేది ఆ పిన్నే. వైరు లాగినా శబ్దం ఆగకపోతే లోపం సబ్‌లోనే ఉంది, మెకానిక్‌కి చూపించాలి.

గదిలో గిలగిలలాడేవి

అన్నీ కుదిరాక 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పైకెక్కే టెస్ట్ టోన్ ఒకటి ఓ మోస్తరు వాల్యూమ్‌లో పెట్టండి. ఎక్కడో తలుపు గడియ, ఇంకెక్కడో ఫోటో ఫ్రేము, అల్మారాలో గ్లాసులు ఒక్కొక్కటిగా చప్పుడు చేస్తాయి. ఏది మోగితే దాని దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనించండి, ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఫ్రేము వెనక చిన్న స్పంజు ముక్క, గడియ సందులో గుడ్డముక్క చాలు. చాలామంది సబ్‌దే అనుకునే ఆ బరబరలో సగం ఇలాంటి వాటిదే. కింది అంతస్తులో మనుషులుంటే సబ్ కింద మందమైన రబ్బరు లేదా ఫోమ్ ప్యాడ్ వేయండి. నేలలోకి దిగే అదురు తగ్గుతుంది. గాలిలో వెళ్లే బేస్ మాత్రం ఆగదు, దానికి వాల్యూమ్ తగ్గించడమే దారి.

ఒక వారం అలాగే వినండి, రోజూ నాబ్‌లు ముట్టుకోవద్దు. వారం తర్వాత చేసే మార్పులు నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పేంత చిన్నవిగా ఉండాలి. తృప్తిగా ఉన్న రోజున మూడు నాబ్‌ల పక్కనా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, సబ్ కాళ్లున్న చోట నేల మీద టేప్ అంటించండి. గది ఊడ్చేటప్పుడు సబ్ జరిగినా మళ్లీ అదే చోటికి తెచ్చుకోవచ్చు.